వీథి తోటలు - నేల చెప్పిన తీర్పు

నగర వీథిపై పడిన వాన ఎక్కడికి పోవలెను? ఇంజనీర్లు చాలకాలము ఇచ్చిన సమాధానము ఒక్కటే: గొట్టములోనికి. తారు, సిమెంటు నీటిని పీల్చవు. అందుచేత వాననీరు ఒక్కుమ్మడిగా కాలువలను చేరి, పాత పేటలలో మురుగుతో కలిసి పొంగి, ఏరులను, సరస్సులను పాడుచేయును. ఆ నీటిని వీథిప్రక్కనే చెట్లకు, మట్టికి అప్పగింపవలెనను వాదము ఇటీవల బలపడినది. ఈ వాదములోని సత్త్వమును, లోపమును అమెరికాలోని సియాటిల్ నగరము ఒక్కటే చూపగలదు.

అక్కడ 2001లో ఒక నివాస వీథిని తిరిగి నిర్మించినారు. రోడ్డును 14 అడుగుల వెడల్పుగల వంకర బాటగా కుదించి, ప్రక్కన పల్లములు తీసి, గుల్లమట్టి నింపి, 100 చెట్లు, 1,100 పొదలు నాటినారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు కొలువగా, వీథినుండి పారిపోవు నీరు నూటికి 98 వంతులు తగ్గినది. ఆకులు కొంత చినుకును ఆపును. వేళ్లు మట్టిని వదులు చేయును. మిగిలిన నీరు నెమ్మదిగా ఇంకును.

2010లో అదే నగరములోని బాలర్డ్ పేటలో ఇటువంటి తోటలే వేసినారు. చూపునకు భేదము లేదు. కాని కొన్నింటిలో నీరు ఇంకక నిలిచిపోయినది. పిల్లలు పడుదురేమో, దోమలు పెరుగునేమో అని నివాసులు ఆందోళన చెందినారు. కొన్ని తోటలను పూడ్చవలసివచ్చినది. పూర్వము హిమానీనదములు అణగద్రొక్కి విడిచిన గట్టి మట్టిపొర అడుగున ఉండుటయే ఇందుకు మూలము.

కాబట్టి తోట రూపమును అనుకరించినంత మాత్రమున దాని ఫలము రాదు. ఎఱ్ఱచల్కలో ఇంకిన నీరు తడిసి ఉబ్బిన నల్లరేగడిలో అట్లే ఇంకునా? ప్రతి గుంట క్రిందను నేలను పరీక్షింపవలసినదే. అదే నగరములో 2015 నాటికి పూర్తియైన మరియొక పథకములో, తోటలలో వడిసిన నీటిని లోతైన బావులద్వారా గట్టిపొర దాటించినారు. పొరపాటు పాఠమైనది.

ఈ పాఠము విలువ కోహో సాల్మన్ చేపలకు తెలియును. టైర్ల రబ్బరులోని ఒక పదార్థము ఓజోనుతో కలిసి విషమై వీనిని చంపుచున్నదని 2020లో తేలినది. అంతకు పూర్వమే జరిగిన ప్రయోగములలో, రోడ్డు నీటిని మట్టిగుండా వడకట్టగా చేపలు బ్రతికినవి. అనగా తోట విఫలమైనచో నష్టము వీథితో ఆగదు.

నాటిన మొక్కల లెక్క చూచి పథకమును మెచ్చుకొనుట తొందరపాటు. ఇంకిన నీటి లెక్క అడుగవలెను. ఒండ్రు ఎవరు తీయుదురో, లేతమొక్కకు వేసవిలో నీరెవరు పోయుదురో అడుగవలెను. విద్యార్థులు బడి ఆవరణలో అడుగు లోతు గుంట తీసి, ఒకసారి నీరు నింపి నాననిచ్చి, మరల నింపి, గంటకు ఎన్ని అంగుళములు దిగునో స్కేలుతో కొలువవచ్చును. ఏ వీథి తోటకైనను మొదటి పరీక్ష అదియే.