కోడ్ భాండాగారాల స్వీయ నిర్వహణ: వికేంద్రీకరణ భావనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
తెలుగు నిఘంటువులు, పాఠ్యనిధులు, ఫాంట్లకు సంబంధించిన కోడ్ అనేక సందర్భాలలో వాణిజ్య వేదికలపైనే నిలువ ఉంటోంది. వాటికి బదులు సొంత సర్వర్ పెట్టుకుంటే చాలునన్న వాదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యాజమాన్యం మారినంత మాత్రాన కేంద్రం తొలగిపోదని, చర్చనూ నిర్వహణ నైపుణ్యాన్నీ పంచుకున్నప్పుడే వికేంద్రీకరణ సిద్ధిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గిట్, స్వీయ నిర్వహణ, వికేంద్రీకరణ, పాఠపరిష్కరణ, స్వేచ్ఛ, విత్తన నిధి.

1. ఉపోద్ఘాతం:
లినక్స్ కెర్నల్ రూపకర్తలు వాడుతున్న బిట్‌కీపర్ అనే వాణిజ్య ఉపకరణం వారికి ఉచితంగా అందకుండా పోయినప్పుడు, లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను రూపొందించారు. ఇందులో పాల్గొనే ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లోనూ కోడ్‌తో పాటు దాని మార్పుల చరిత్ర మొత్తం ఉంటుంది. కెర్నల్ పనిలో సవరణలను ఈమెయిల్ ద్వారా పంపుకొనే పద్ధతి నేటికీ ఉంది. గిట్‌కు స్వభావరీత్యా కేంద్రం అక్కరలేదు. అయినా అధికసంఖ్యాకులు గిట్‌హబ్ అనే ఒకే వేదిక దగ్గర చేరారు. ఈ వైరుధ్యమే ఈ పరిశీలనకు ప్రాతిపదిక.

2. కేంద్రంతో వచ్చే చిక్కు:
గూగుల్ కోడ్ మూసివేతను 2015లో ప్రకటించి 2016లో అమలు చేశారు. గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ కొన్నది. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియాలలోని ఖాతాలపై గిట్‌హబ్ పరిమితులు విధించింది. మన దేశంలో 2014 డిసెంబరులో ప్రభుత్వ ఆదేశంతో నిలిపివేసిన 32 సైట్లలో గిట్‌హబ్‌కు చెందిన గిస్ట్‌తో పాటు ఆర్కైవ్.ఆర్గ్ కూడా ఉంది. పాత తెలుగు పుస్తకాలకు ఆర్కైవ్‌ను ఆశ్రయించే పరిశోధకులకు ఆ నిలుపుదల ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

3. గిట్ పంచేది, పంచనిది:
గిట్ ప్రతిలో ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని మార్చారో ఉంటుంది. ఎందుకు మార్చారన్న చర్చ మాత్రం చాలావరకు వేదిక డేటాబేస్‌లో ఉండిపోతుంది. దీని తీవ్రత పాఠపరిష్కరణ తెలిసినవారికి సులువుగా బోధపడుతుంది. సి.పి.బ్రౌన్ అనేక వ్రాతప్రతులను సరిపోల్పించి 1829లో వేమన పద్యాలను ముద్రించారు. అటువంటి కృషిలో పాఠభేదాలు మాత్రమే మిగిలి, ఒక పాఠాన్ని స్వీకరించిన కారణం చెప్పే పీఠిక పోతే, తరువాతి పరిష్కర్త మళ్లీ మొదటికి రావలసిందే. చర్చ లేని కోడ్ పీఠిక లేని పరిష్కరణ వంటిది.

4. స్వేచ్ఛ ప్రయోగం:
తెలుగు నేలపై స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని నడుపుతున్న 'స్వేచ్ఛ' సంస్థ గిట్‌ల్యాబ్ ఆధారంగా తన సొంత భాండాగారాన్ని నిర్వహిస్తోంది. కోడ్‌తో పాటు చర్చ కూడా ఆ భాష మాట్లాడేవారి చేతుల్లోనే ఉండటం దీని గుణం. అయితే సర్వర్ ఒక్కటే అయినప్పుడు కేంద్రం స్థానం మారుతుందే తప్ప తొలగదు. భద్రతా నవీకరణలు, నకళ్లు, విద్యుత్తు, ఖర్చు అన్నీ కొద్దిమంది ఓపిక మీద ఆధారపడతాయి. వేర్వేరు సర్వర్లలోని వారు ఒకే ఖాతాతో కలిసి పనిచేసే ఏర్పాటు కోసం ఫోర్జెయో వంటి ప్రాజెక్టులు కృషి చేస్తున్నాయి.

5. విత్తనాల పోలిక:
బీరంగూడకు చేరువలోని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ విత్తన నిధిలో లక్షకు పైగా నమూనాలు ఉన్నాయి. వాటి నకళ్లను నార్వేలోని స్వాల్‌బార్డ్‌కు పంపుతున్నారు. ఇదే జిల్లాలోని జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు విత్తనాలను తమ ఇళ్లలోనే దాస్తారు. తీసుకున్నవారు పంట చేతికొచ్చాక అంతకంటే ఎక్కువ తిరిగి ఇస్తారు. మొదటిది నకలును కాపాడుతుంది, రెండవది విత్తనంతో పాటు దాన్ని కాపాడే విద్యను కూడా ఇంటింటా నిలుపుతుంది. కోడ్‌కు ఈ రెండూ కావాలి. స్వీయ నిర్వహణను సమర్థించేవారు సాధారణంగా మొదటిదాని గురించే మాట్లాడతారు.

6. ముగింపు:
సర్వర్ ఎవరిదన్న ప్రశ్నతో విమర్శ ఆగరాదు. నిర్వాహకుడు వెళ్లిపోయిన మరునాడు పని సాగుతుందా అన్నదే అసలు కొలమానం. తెలుగు శాఖలలో తయారయ్యే పాఠ్యనిధులకు ఇది వెంటనే వర్తిస్తుంది. పరిశోధకుడి వ్యక్తిగత ఖాతాలో ఉన్న నిధి పట్టా వచ్చాక అనాథ కాకూడదు. నిర్ణయాల కారణాలను భాండాగారంలోనే ఒక ఫైలుగా రాయాలి. కనీసం రెండు సంస్థలు పూర్తి ప్రతులు ఉంచుకోవాలి. ప్రతి సంస్థలో ఇద్దరికైనా వాటిని తిరిగి నిలబెట్టడం తెలిసి ఉండాలి. వీటిలో ఏదీ పెద్ద వ్యయంతో కూడినది కాదు. అయితే పరిశోధన ప్రణాళికలోనే వీటికి చోటు కల్పించాలి.