తిట్టడం తెలిసిన పాట

మా అక్క కొడుకు ప్రేమించిన పిల్లకు వేరే సంబంధం ఖాయమైంది. మొన్న కొత్తగూడెంలో ఇల్లందు బస్సెక్కి నా పక్కన కూర్చున్నవాడు, కోయగూడెం బొగ్గు లారీల దుమ్ము మొహాన కొడుతున్నా కిటికీ మూయలేదు. టేకులపల్లి దాకా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయలేదు. ఏం వింటున్నావురా అంటే ఫోను చేతికిచ్చాడు. విరిగిన మనసుకు మందు అంటూ ఎవరో పేర్చిన పాటల వరస. అందరూ ఇంగ్లీషులో పాడే మగవాళ్ళే. నాకు ఒళ్ళు మండింది.

"దేవదాసు ఏడిరా ఇందులో?"

"అది వింటే తాగబుద్ధయితది మామా. ఇవి వింటే నిద్ర పడుతది."

ఆ దేవదాసు పాటలు పాడిన ఘంటసాల మీద ఎవరు మాటన్నా నేను ఊరుకోనని ఈ శీర్షిక చదివేవాళ్ళకు తెలుసు. వారం వారం ఈ ఘంటసాల గోలేమిటని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు. 1953 నాటి దేవదాసు పాటలకు మాటలు సముద్రాల రాఘవాచార్యవి, బాణీలు చాలావరకు సుబ్బరామన్‌వి. సినిమా విడుదల కాకముందే, 1952లో ఆ సంగీతకారుడు కన్నుమూశాడు. ఆ పాటల్లో లేని మందు ఈ తెల్లోళ్ళ దగ్గరేముంటుందని, తప్పులు పట్టడానికే ఆ రాత్రి వాడి పాటలన్నీ విన్నాను.

లూయిస్ కపాల్డీ పాటకు ప్రేమికులంతా కళ్ళు తుడుచుకుంటారు. తీరా చూస్తే అది చనిపోయిన వాళ్ళ అమ్మమ్మో నాయనమ్మో మీద రాసుకున్న పాటట. జేమ్స్ బ్లంట్ తన వీడ్కోలు పాటను నటి క్యారీ ఫిషర్ ఇంటి స్నానాలగదిలో రికార్డు చేశాడు. పియానో అక్కడుంది మరి! బాత్‌రూం పాటలని మనం ఎవరిని వెక్కిరిస్తున్నాం? జస్టిన్ వెర్నన్ అనే అతను 2006 చలికాలంలో విస్కాన్సిన్ అడవిలో వాళ్ళ నాన్న వేట గుడిసెకు ఒంటరిగా పోయి ఆల్బమ్‌తో తిరిగొచ్చాడు. మనసు విరిగితే మా బోడు వైపు కుర్రాళ్ళూ అడవికే పోతారు, ఇప్పసారా సీసాతో.

వరసలో లేకపోయినా వెతుక్కుని విన్నది మార్విన్ గే. ఇతను తెల్లోడు కాదు, అమెరికా నల్లజాతి గాయకుడు. భార్య అన్నాతో విడాకులప్పుడు ఇవ్వాల్సిన సొమ్ము చేతిలో లేదు. తర్వాతి ఆల్బమ్ రాబడిలో వాటా ఆమెకివ్వాలని ఒప్పందమైంది. ఎలాగూ ఆమెకు పోయే డబ్బే కదా, ఏదో ఒకటి పాడి పడేద్దామనుకున్నవాడు కూర్చుని మొత్తం కాపురాన్నే పాడాడు. 1978లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు 'హియర్, మై డియర్'. ఇదిగో తీసుకో అని ఆమె చేతిలో పెట్టినట్టే.

అది వింటుంటే గుర్తొచ్చినవాడు మన పాల్వంచ తహశీల్దారు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, అదే మన రామదాసు. సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు. అక్కడి నుంచి రాముడికి ఖర్చు చిట్టా విప్పాడు. 'ఇక్ష్వాకు కులతిలక' మళ్ళీ వినండి. ప్రాకారానికి ఎంతయింది, భరతుడి పచ్చల పతకానికి ఎంతయింది, సీతమ్మ చింతాకు పతకానికి ఎంతయింది, వరహాలతో సహా చెబుతాడు. ఇదంతా మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని నిలదీస్తాడు. చివరికి, దెబ్బలు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అంటాడు. కోపం, లెక్క, క్షమాపణ, మూడూ ఒకే పాటలో.

దేవదాసుకు ఈ పద్ధతి లేదు. ప్రేమించిన పార్వతితో మాట్లాడాల్సింది లోకంతో మాట్లాడతాడు. లోకమంతా మాయేనని తేల్చేశాక ఇక ఎవరితో పోట్లాడతాడు? సీసా ఒక్కటే మిగిలింది. రామదాసు అలా కాదు, రాముణ్ణి పేరు పెట్టి పిలిచి అడిగాడు. ఒకే ఇంట్లో తండ్రి నాగేశ్వరరావు 1953లో దేవదాసు, కొడుకు నాగార్జున 2006లో రామదాసు అయ్యారు. తండ్రి వేషాన్ని పట్టుకుని మూడు తరాలు తాగాయి. కొడుకు వేషాన్ని చూసి దండం పెట్టి ఇంటికెళ్ళాయి.

తిట్టిన రామదాసును మెచ్చుకున్నాను కదా అని పిల్ల గుమ్మం ముందు నిలబడి అరిచేవాడికి, ఫోటోలు బయట పెడతానని బెదిరించేవాడికి ఈ కాలమ్‌లో చోటు లేదు. వాడికి పోలీస్ స్టేషనే. తిట్టు పాటలోనే ఉండాలి, క్షమాపణ దాకా పోవాలి.

ఘంటసాల అభిమానులు నన్ను తిట్టినా సరే, దేవదాసు పాటలు గుండె బాగున్నవాళ్ళు వినాల్సినవి. మనసు విరిగినవాళ్ళు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు కీర్తనలు పెట్టుకోండి. భక్తి లేకపోయినా ఫర్వాలేదు. నిలదీసే కీర్తనలు ముందు వినండి, వేడుకునేవి తర్వాత.