టెక్నిక్ ముందు, కళ తర్వాతా?

ముందు టెక్నిక్ రానీ, కళ తర్వాత అదే వస్తుంది - క్లాసికల్ బాలే నేర్చుకునే అమ్మాయిలు పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో తరచుగా వినే మాట ఇది. పైకి హితవులాగే ఉంటుంది. కానీ దీని వెనక ఒక శ్రమ విభజన ఉంది. ఒళ్లు వంచి కష్టపడటం అమ్మాయి వంతు. అందులో కళ ఉందో లేదో తేల్చే అధికారం ఇంకొకరిది. చాలాకాలం ఆ ఇంకొకరు కొరియోగ్రాఫరో, విమర్శకుడో అయిన మగవాడే. ఈ విభజనకి గట్టి జవాబు ఒక స్త్రీ రాసిన పాఠ్యపుస్తకంలోనే ఉంది.

అగ్రిప్పినా వాగనోవా (1879-1951) తండ్రి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారిన్స్కీ థియేటర్‌లో ప్రేక్షకులకి సీట్లు చూపించే చిన్న ఉద్యోగి. 1897లో అదే థియేటర్ బృందంలో చేరిన ఆమెకి బాలెరీనా హోదా 1915లో గానీ దక్కలేదు. మరుసటి ఏడే రంగస్థలం నుంచి తప్పుకుంది. తన శరీరం ఎక్కడ మొరాయిస్తోందో, ఇటాలియన్ శిక్షణ పొందినవాళ్లకి అదే పని ఎలా సాధ్యమవుతోందో ఆమె ఏళ్ల తరబడి గమనించింది. 1934లో వచ్చిన 'క్లాసికల్ నృత్య మూలసూత్రాలు' ఆ పరిశీలన ఫలితమే. ఒక స్త్రీ తన శరీరానుభవాన్ని శాస్త్రంగా మలిచిన రచనగా దాన్ని మనం చదవాలి.

వాగనోవా పద్ధతిలో కాలు ఒంటరిగా పనిచెయ్యదు. చేతులు, తల, వెన్ను దానితో కలిసి కదలాలి. మధ్య స్థాయిలో ఇది అసలు పరీక్ష. అప్పటిదాకా బార్ పట్టుకుని చేసినవి హాలు నడుమ ఆధారం లేకుండా చెయ్యాలి. కాలిని మెల్లగా పక్కకి చాపి ఎత్తే కదలికనే తీసుకోండి. తుంటి ఎగదోస్తే కాలు ఇంకాస్త పైకి వెళుతుంది, కానీ శరీరం వంకర పోతుంది. నిలబడ్డ కాలి బలంతో, వెన్ను బలంతో ఎత్తితే చేతికీ చూపుకీ స్వేచ్ఛ దొరుకుతుంది. పెద్ద గెంతుకి ముందు వచ్చే గ్లిసాద్ లాంటి చిన్న అడుగుకి ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ సంగీతం ఆ అడుగులో తెగిపోతే, తర్వాతి గెంతు ఎంత ఎత్తయినా కసరత్తే. అంటే కళ టెక్నిక్ తర్వాత పైనుంచి అద్దే రంగు కాదు. ఆ అడుగు వేసే తీరులోనే ఉంది.

ఇంతవరకూ వాగనోవాతో నాకు పేచీ లేదు. కానీ ఆమె పుస్తకంలో ఒక మౌనం ఉంది. అందులోని శరీరానికి కీళ్లున్నాయి, కండరాలున్నాయి. ఆకలి లేదు, నెలసరి లేదు. సరిగ్గా ఈ మధ్య ఏళ్లలోనే అమ్మాయి ఎముకలు వేగంగా పొడవవుతాయి. కండరాలు బిగుసుకుంటాయి. నిన్న నిలిచిన బాలన్స్ ఇవాళ నిలవదు. ఎదుగుదలని బద్ధకమనో, లావెక్కడమనో అనుకుంటారు. అమ్మాయి అద్దంలో చూసుకుని తిండి తగ్గిస్తుంది. శ్రమకి తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడొచ్చు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ స్థితికి ఒక పేరు పెట్టారు. అంతకు చాలా ముందే, 1986లో, అమెరికన్ బాలెరీనా గెల్సీ కర్క్‌లాండ్ తన ఆత్మకథలో ఆకలితో, శరీరంతో తను చేసిన యుద్ధాన్ని రాసింది. ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. వాగనోవా దగ్గర శరీరం పనిచేసే తీరు తెలుస్తుంది. ఆ పనికి ఒక అమ్మాయి చెల్లించిన మూల్యం కర్క్‌లాండ్ దగ్గర తెలుస్తుంది.

ఆ వయసు అమ్మాయిని కాలు ఎంత ఎత్తు లేచిందని మాత్రమే కాదు, ఈ కదలిక నీకు ఎక్కణ్ణించి మొదలైందని కూడా అడగాలి. అప్పుడప్పుడు అద్దానికి వీపు పెట్టి చెయ్యనివ్వాలి. నొప్పిగా ఉంది, ఇవాళ్టికి ఆపుతాను అంటే నమ్మాలి. తన శరీరం చెప్పేది వినడం కూడా టెక్నిక్‌లో భాగమే. ఆ వినికిడి లేకుండా ఆమె చేసే నాట్యంలో ఆమె ఎక్కడుంటుంది?

ముందు శిల్పం నేర్చుకో, నీ గొడవ తర్వాత చెబుదువుగాని అన్న సలహా మన రచయిత్రులకీ కొత్త కాదు. అప్పుడు మనం ఆగలేదు. చెప్పుకుంటూనే శిల్పం నేర్చుకున్నాం.