ఎండాకాలం కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది? సీటీసీ మెకానిక్‌ల లెక్క

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. సీటీసీ అంటే చాలు. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, రైలు మారకుండా ప్యారడైజ్‌లో దిగితే నడిచి వెళ్లేంత దూరం. ఎండలు ముదిరాక అక్కడి సర్వీస్ కౌంటర్ల ముందు ఒకే తరహా ఫిర్యాదు వినిపిస్తూ ఉంటుంది: “పొద్దున బానే నడుస్తుంది. మధ్యాహ్నం పని పెట్టగానే టక్కున ఆగిపోతుంది.”

ఆ మాట విని, డబ్బా విప్పి, అసలు కారణం పట్టుకోవడానికి మెకానిక్‌ల దగ్గర ఒక పద్ధతి ఉంది. వాళ్లు దాన్ని పుస్తకాల్లో చదివిన దానికంటే పనిబల్ల దగ్గర సీనియర్ పక్కన నిలబడి నేర్చుకున్నదే ఎక్కువ. మన ఎండకీ, మన దుమ్ముకీ, మన కరెంటుకీ సరిపోయేలా తయారైన విద్య అది. విదేశీ వీడియోలు చూసి కంప్యూటర్ కట్టుకునే ఐటీ కుర్రాళ్లకి దాని విలువ తెలియాలి.

హైదరాబాద్‌కి కంప్యూటర్ కొత్త కాదు. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ 1970ల్లో టీడీసీ శ్రేణి యంత్రాలని ఇక్కడే తయారుచేసింది. ఆ రోజుల్లో యంత్రం వచ్చేలోపే దానికి ఏసీ గది సిద్ధం చేసేవారు. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక కూడా ఆఫీసు కంప్యూటర్ చల్లటి హాల్లోనే బతికింది. 2020 మార్చిలో ఆఫీసు ఇంటికి రావడంతో కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల ఫ్లాట్లలో పడగ్గది మూలకి శక్తిమంతమైన డెస్క్‌టాప్‌లు చేరాయి. వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్, మెషిన్ లెర్నింగ్, రాత్రిళ్లు గేములు అన్నీ వాటిమీదే. యంత్రం బలం పెరిగింది కానీ, దాని గది గురించి ఆలోచించినవాళ్లు తక్కువ.

సీటీసీ లెక్క మొదలయ్యేది ఆ గది దగ్గరే. గాలితో చల్లబరిచే కూలర్ గానీ, నీళ్ల గొట్టాల కూలర్ గానీ ప్రాసెసర్‌ని గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. గది కంటే ఎన్ని డిగ్రీలు పైన ఉంటుందన్నదే కూలర్ పనితనం. 22 డిగ్రీల గదిలో పరీక్షించి ప్రాసెసర్ 75 డిగ్రీల దగ్గర నిలిచిందని ఎవరైనా చూపిస్తే, తేడా 53 అని అర్థం. మే నెలలో ఏసీ లేని మన పడగ్గది 38 ఉందనుకుంటే అదే కూలర్, అదే పని, 91 డిగ్రీలు. రైజెన్ 7000 శ్రేణిలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 95. ఇంటెల్ కోర్ ఐ9 14వ తరంలో 100. మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టగల డిగ్రీలే. అందులోంచి క్యాబినెట్ లోపలి వేడి కూడా తీసేయాలి. అందుకే “ఎంత వేడెక్కుతోంది?” అన్న ప్రశ్నకి ముందు “గదిలో ఎంతుంది?” అని అడిగే మెకానిక్ దొరికితే వదలకండి.

ఆ తర్వాతి ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. “అన్నా, ఎక్కడ పెట్టినవ్ సీపీయూ? టేబుల్ల కిందనా?” కొత్త ఫ్లాట్‌లో ఇంటీరియర్ చేయించేటప్పుడు కార్పెంటర్ స్టడీ టేబుల్‌కి కుడివైపు ఒక అర చేసి, దానికి తలుపు పెట్టి, సీపీయూ లోపల దాస్తాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వెనక ప్లైవుడ్, పక్కన ప్లైవుడ్, వైర్లకి ఒక చిన్న కన్నం. వెనక ఫ్యాను బయటికి తోసిన వేడిగాలే ముందు ఫ్యాను మళ్లీ లోపలికి లాక్కుంటుంది. “ఒక్కసారి డబ్బా బయటికి గుంజి, పక్క మూత తీసి నడిపి చూడు. ఆగకుంటే మన కేసు సగం అయిపోయినట్టే.” ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. మూత తీస్తే పది డిగ్రీలు తగ్గిందంటే తప్పు కూలర్‌ది కాదు, గాలి దారిది. కొత్త కూలర్ కొనడానికి వచ్చినవాడిని ఈ మాట చెప్పి వెనక్కి పంపే షాపతన్ని నేను గౌరవిస్తాను.

వేడి ఎక్కడికీ పోదన్నది కూడా మనం మరిచిపోయే సంగతే. కోర్ ఐ9 13900కె పూర్తి బిగువు మీద 253 వాట్ల దాకా తీసుకోగలదు. ఆర్‌టీఎక్స్ 4090 కార్డు పరిమితి 450 వాట్లు. రెండూ కలిపి 700 వాట్లు గదిలోనే వేడిగా మారతాయి. ఒక టన్ను ఏసీ తీయగలిగే వేడి సుమారు 3,500 వాట్లు కాబట్టి దాని శ్రమలో అయిదో వంతు కంప్యూటర్‌కే పోతుంది. ఏసీ లేని గదిలో తలుపులేసుకుని రాత్రంతా రెండర్ పెడితే గంట గంటకీ గది వేడెక్కుతుంది, గదితోపాటే ప్రాసెసరూ. ఇలాంటి గదికి అన్నిటికంటే చవకైన ఉపాయం సెట్టింగుల్లోనే ఉంది. బయోస్‌లో ప్రాసెసర్‌కి కరెంటు పరిమితి తగ్గించడం, రైజెన్ అయితే ఎకో మోడ్ పెట్టడం, గ్రాఫిక్స్ కార్డుకి సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ కాస్త దించడం. ఆఖరి కొద్దిపాటి వేగం కోసమే ఈ చిప్పులు విపరీతంగా కరెంటు తాగుతాయి. దాన్ని వదులుకుంటే వేడి బాగా తగ్గుతుంది, పని తగ్గేది కొంచెమే. పూర్తి వేగం కావాలని పట్టుబట్టేవాళ్లకి ఇది నచ్చదు. వేసవి నాలుగు నెలలకైనా ఇదే సరైన దారని నా అభిప్రాయం.

వాటర్ కూలర్ల సంగతి కూడా చెప్పాలి. గడ్డి పలకల మీద నీళ్లు పారే మన ఎండాకాలపు కూలర్ గదిని నిజంగానే చల్లబరుస్తుంది, పొడి ఎండలో మరీ బాగా. కానీ దాన్ని క్యాబినెట్ మొహానికి తిప్పి పెట్టకూడదు. చెమ్మ తగిలిన దుమ్ము ప్రాసెసర్ కూలర్ రెక్కల మధ్య ముద్దకట్టి అతుక్కుపోతుంది. బోరునీళ్ల తుంపర పడితే ఉప్పు కూడా తోడవుతుంది.

ఇక దుమ్ము. కోకాపేట, నార్సింగి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టుపక్కల ఏళ్లుగా బండలు పగులుతూనే ఉన్నాయి, టవర్లు లేస్తూనే ఉన్నాయి. ఆ సన్నపొడి పదో అంతస్తుకి కూడా వస్తుంది. పైకి చూస్తే ఫ్యాను శుభ్రంగానే కనిపిస్తుంది. అసలు విషయం ఫ్యాను క్లిప్పులు తీశాక బయటపడుతుంది. ఫ్యానుకీ అల్యూమినియం రెక్కలకీ మధ్య బూడిదరంగు దుమ్ము ఒక గుడ్డపీలికలా పరుచుకుని ఉంటుంది. చివర పట్టి లాగితే ఏకంగా ఒకే ముక్కగా ఊడి వస్తుంది. ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా గాలి ఆ పొర దాటి లోపలికి పోదు. చప్పుడు మాత్రం పెరుగుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు మెకానిక్ ఫ్యాను రెక్కని ఎడమచేతి వేలితో ఆపి పట్టుకుంటాడు, గమనించండి. వదిలేస్తే అది హద్దు మీరి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ లోపలి దుమ్ము మాత్రం ఇంట్లో తీయబోకండి. ప్లగ్ పీకాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ నిలిచి ఉండొచ్చు.

థర్మల్ పేస్ట్ గురించి జనానికి భక్తి ఎక్కువ, అవగాహన తక్కువ. రాగికి వేడిని మోసే శక్తి దాదాపు 400 అనుకుంటే మంచి పేస్ట్‌కి పది లోపు, కదలని గాలికి 0.026. అంటే పేస్ట్ ఉండేది లోహానికీ లోహానికీ మధ్య సన్నని గాలి సందులు పూడ్చడానికే. దట్టంగా పూస్తే అదే అడ్డం. కూలర్ ఊడదీసినప్పుడు రెండువైపులా మిగిలిన మరక చూసి అనుభవజ్ఞుడు కథంతా చెప్పగలడు. మధ్యలో పల్చగా, అంతటా సమంగా ఉంటే ఒత్తిడి బాగుంది. ఒక మూల మందంగా ఉంటే ఆ మూల స్క్రూ సరిగా బిగియలేదు. ఎండి పెచ్చులుగా రాలితే మార్చే సమయం దాటిపోయింది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకే మూలని ముందే బిగిస్తే కూలర్ ఓరగా కూర్చుంటుంది. కొత్త కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించినవాళ్లూ ఉంటారు కాబట్టి అది కూడా చూస్తారు.

ఫ్యాన్ల సూత్రం చిన్నది. ముందునుంచి, కిందనుంచి చల్లగాలి లోపలికి. వెనకనుంచి, పైనుంచి వేడిగాలి బయటికి. లోపలికి వచ్చేది కాస్త ఎక్కువ ఉంటే గాలి ఫిల్టర్ల గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము లాగదు. ముందువైపు నిండుగా గాజు పలక ఉన్న క్యాబినెట్ కంటే జాలీ ఉన్నది మన ఊరికి మేలు. వెనక గోడకి జానెడు దూరం ఉంచాలి.

ఆగిపోయిన ప్రతి యంత్రమూ వేడికే ఆగిందనుకుంటే పొరపాటు. ఈ విద్యలో కష్టమైన భాగం ఇక్కడే ఉంది. వేడికి ఆగే యంత్రం సాధారణంగా ముందు నెమ్మదిస్తుంది, తర్వాత ఆగుతుంది, చల్లారేదాకా సరిగా లేవదు. గేమ్‌లో హఠాత్తుగా బరువు పడిన క్షణానే రీస్టార్ట్ అయితే ఎస్ఎంపీఎస్ మీద అనుమానం. చల్లగా ఉన్నప్పుడు కూడా రోజుకొక కొత్త బ్లూ స్క్రీన్ వస్తుంటే ర్యామ్. నీళ్ల కూలర్ ఉండి, పని పెట్టిన కొన్ని సెకన్లలోనే 100కి ఎగబాకితే పంపు ఆగిపోయి ఉండాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపించగానే చాలామంది ఎస్ఎంపీఎస్ మార్చేస్తారు. యంత్రం సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే ఆ నంబర్ చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు.

అనుమానాలన్నీ బల్ల మీద ఒక్కొక్కటిగా తేలాలి. గ్రాఫిక్స్ కార్డు, అదనపు డిస్కులు అన్నీ తీసేసి, ఒక్క ర్యామ్‌తో బోర్డుని లేపుతారు. ర్యామ్ బంగారు పళ్లని పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊది, మళ్లీ గుచ్చుతారు. మసకబారిన పళ్లు మెరుస్తాయి, కొన్నిసార్లు డిస్‌ప్లే వెంటనే వస్తుంది. రాకపోతే రెండో ర్యామ్, రెండో స్లాట్. తర్వాత బాగున్నట్టు ఖాయంగా తెలిసిన ఎస్ఎంపీఎస్ తగిలించి చూస్తారు. 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య నిలబడాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే యంత్రం బాగుపడినా జబ్బు ఏమిటో తెలియదు, నెల తిరక్కుండా అదే డబ్బా మళ్లీ వస్తుంది. బయోస్‌లో ర్యామ్‌ని ఎక్స్ఎంపీ వేగం నుంచి మామూలు వేగానికి దించి చూడటం కూడా ఈ వరసలోదే.

గోడలోని కరెంటుని మరిచిపోతే ఈ శ్రమంతా వృథా. గేటెడ్ కమ్యూనిటీల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఎస్ఎంపీఎస్ తన బలంతో నిలబడగలిగేది సెకనులో అరవయ్యో వంతు, అటూ ఇటూగా. ఇంటి ఇన్వర్టర్ మీద వెనకవైపు ఎకో, యూపీఎస్ అని స్విచ్ ఉంటే అది ఎకోలో ఉండిపోయిందేమో చూడండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారే వేగం దాన్నిబట్టే ఉంటుంది. క్యాబినెట్ రేకు ముట్టుకుంటే చురుక్కుమంటోందా? ఎర్తింగ్ లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

ఎంత చల్లబరిచినా బాగుపడనివీ ఉంటాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని కారణం తెలియకుండా క్రాష్ అవుతూ వచ్చాయి. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్ దెబ్బతింటోందని 2024లో కంపెనీ ఒప్పుకుని, బయోస్ ద్వారా కొత్త మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ మైక్రోకోడ్ బాగుచేయదు, మార్చుకోవాల్సిందే. ఆ తరం యంత్రం మీ ఇంట్లో ఉంటే బయోస్ తేదీ ఈరోజే చూడండి.

ఈ పనితనం వల్ల మనకి మిగిలేది ఎంతో ఎక్కువ. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పది డిగ్రీలు తక్కువ వేడిలో పనిచేస్తే దాదాపు రెట్టింపు కాలం బతుకుతుందన్నది ఇంజినీర్లు వాడే లెక్క. అంటే దుమ్ము దులిపి, గాలి దారి సరిచేసిన యంత్రం ఏళ్ల తరబడి మన్నుతుంది. చెత్తలోకి పోవాల్సిన బోర్డు ఒక డిగ్రీ విద్యార్థి చేతికి పోతుంది. అయినా మనం విడిభాగానికి వేలు పోస్తాం, లోపం కనిపెట్టినవాడి రెండు గంటలకి బేరమాడతాం. “ఏం మార్చలేదుగా, డబ్బులెందుకు?” అని అడగటం అన్యాయం. ఏమీ మార్చక్కర్లేదని తేల్చడమే అతని విద్య.

శివరాత్రి వెళ్లగానే ఒక ఆదివారం మీ క్యాబినెట్‌ని ఆ చెక్క అరలోంచి బయటికి తీయండి. మూత తెరవండి, దుమ్ము దులపండి, గది ఉష్ణోగ్రతా ప్రాసెసర్ ఉష్ణోగ్రతా పక్కపక్కన రాసిపెట్టుకోండి. మేలో అది ఆగిపోతే ఆ కాగితం కూడా పట్టుకుని పార్క్‌లేన్‌కి వెళ్లండి. ఏ భాగం మార్చకుండానే యంత్రం బాగుపడినా, చూసినవాడికి అడిగినంత ఇచ్చి రండి.