విద్వాంసుల వెనుక వేగులు

గోడలకు చెవులుండునని మన పెద్దలు చెప్పుదురు. ఆ చెవులు విన్నదంతయు కాగితముల కెక్కి, యేండ్లు గడచిన పిదప పలికినవారి చేతికే వచ్చినచో నెట్లుండును? కాథరిన్ వర్డరీ యను అమెరికా మానవశాస్త్రాచార్యురాలు 2018లో ప్రకటించిన 'మై లైఫ్ యాజ్ ఎ స్పై' యను గ్రంథము ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము.

ఈమె 1973లో కమ్యూనిస్టు పాలనలోని రుమేనియాకు పోయి, ట్రాన్సిల్వేనియా పల్లెలలో వసించి, అచ్చటి జనుల బ్రతుకును పరిశీలించెను. తొలినాళ్లలోనే మోటారు సైకిలుపై పోవుచు తెలియక సైనిక ప్రాంతమున ప్రవేశించెను. అనుమానమునకు అదియే బీజము. సెక్యూరిటాటే యను రహస్యపోలీసు శాఖ, ఈమె సైనిక రహస్యములకై వచ్చినదని యొకప్పుడు, హంగేరీ జాతివారి పక్షమని యొకప్పుడు, అసమ్మతివాదుల మిత్రురాలని మఱియొకప్పుడు తలచి, 2,781 పుటల దస్త్రమును పోగుచేసెను. 1989లో ఆ పాలన కూలిన కొంతకాలమునకు అది ఆమెకు లభించెను. వార్తలు మోసినవారిలో ఆమె స్నేహితులును గలరు.

రచయిత్రి నిందించుటతో తృప్తి నొందక, ఆ స్నేహితులలోను పోలీసు ఉద్యోగులలోను కొందఱిని వెదకికొని పోయి మాటలాడెను. ఇల్లిల్లు తిరిగి ప్రశ్నించుట, విన్నది వ్రాసికొనుట యను పనులలో పరిశోధకునికిని వేగునకును గల పోలికను దాచలేదు. గ్రంథమునకు గౌరవము తెచ్చినది ఈ నిజాయితీయే.

మన పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థవారు 1975 మొదలు మహబూబ్‌నగరు జిల్లా ఔరేపల్లె వంటి గ్రామములలో పరిశోధకుల నుంచి, ఇంటింటి రాబడి, ఖర్చు, పంట, కూలి వ్రాయించిరి. అదే దశకము, ఇంచుమించు అదే పని. ఇచట అది శాస్త్రము; అచట నేరము. భేదము ప్రశ్నలో లేదు, ప్రశ్నను చూచి జంకు ప్రభుత్వమున నున్నది.

అయినను నాకొక కొఱత తోచినది. పోలీసువాని మనస్సును గ్రహింపవలెనను తపనలో, భయపడి వార్త మోసినవానికిని, భయపెట్టి మోయించినవానికిని గల భేదము కొన్నియెడల పలుచబడినది. అర్థము చేసికొనుట వేఱు. ఇరువురిని ఒక త్రాసున తూచుట వేఱు.

ఇది కమ్యూనిస్టుల దోషమే యని మనము ఊఱడిల్లరాదు. మన సంగారెడ్డి ప్రాంతపు జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్ర మహాసభ జరిగినపుడు, సంఘసంస్కారమును గూర్చి మాటలాడుటకు సయితము నిజాం సర్కారు అనుమతి వడయవలసి యుండెను. 2018 ఆగస్టు 28న పూనా పోలీసులు హైదరాబాదులో ఆచార్య కె. సత్యనారాయణగారి యిల్లు సోదా చేసిరి. ఇన్ని పుస్తకము లేల, దేవతల పటములకు మాఱుగా ఫూలే, అంబేద్కరుల పటము లేల యని తన్నడిగిరని ఆయన పత్రికలవారితో చెప్పెను. పాలనలు వేఱు, జెండాలు వేఱు. పుస్తకముల బీరువాను చూచి కలుగు శంక యొక్కటే.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున గూఢపురుషులను లెక్కించుచు మొదట పేర్కొన్నది కాపటికుని, అనగా విద్యార్థి వేషమున నున్న వేగును. ఉపాధ్యాయుడనగు నాకు ఆ మాట ముల్లువలె గ్రుచ్చుకొనును. శిష్యుని శంకించు గురువు నోరు విప్పడు. గురువును శంకించు శిష్యుడు ప్రశ్న వేయడు. కర్మాగారముల నడుమనున్న మా బడిలో, "మీ బావినీరు ఏ రంగున నున్నది?" అని నేనడిగినపుడు ఒక బాలిక బదులు చెప్పుటకు ముందు తలుపువైపు చూచినది. తలుపు వద్ద ఎవరును లేరు. ఎవరును లేకయే ఆ చూపు పుట్టుటయే వేగువాని విజయము. ఆ చూపును మాన్పుట పోలీసు దస్త్రములు బయటపడుటతో ముగియునది కాదు. "ఉష్, మెల్లగా" అని పిల్లల నోరు నొక్కు మన యిండ్లలోనే అది మొదలు కావలెను.