తెడ్డు పట్టిన విద్యార్థినులు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వఱకు గల రాజమార్గమున కిరుప్రక్కల హాస్టళ్లలో నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలనుండి పరీక్షల చదువునకై వచ్చిన ఆడపిల్లలు వేలకొలదిగ నున్నారు. పొడవైన చేతులును, పొలముపనులలో గట్టిపడిన కాళ్లును గలవారు వారిలో నెందఱో కలరు. ఏ యాటయు నెఱుగక యిరువదేండ్ల యీడునకు వచ్చిన పిల్లను గూడ నాదరించి చేర్చుకొను క్రీడ యొకటి లోకమున నున్నదనియు, అది రోయింగ్ అనియు, 2002లో మన హైదరాబాదు నగరమున జరిగిన జాతీయ క్రీడలలో దానికి హుస్సేన్‌సాగరమే రంగస్థల మయ్యెననియు వారికి జెప్పువా రరుదు.

ఎనమండుగురు నడపు పోటీపడవ పదునేడు మీటర్లకు పైబడిన పొడవును, సుమారు రెండడుగుల వెడల్పును గలది. దాని తూకము 96 కిలోలకు తగ్గరాదని నియమము. పాదములు పడవకు బిగించిన బూట్లలో కదలక యుండును; కూర్చుండు పీట మాత్రము చక్రములమీద ముందువెనుకలకు జరుగును. చూచువారు భుజబలమే ప్రధాన మనుకొందురు గాని నిజమునకు పడవను నడపునది కాళ్లబలము. మోకాళ్లు ముడిచి పీటపై జరిగివచ్చి, తెడ్డుపలకను నిలువుగా నీట ముంచి, ముంచిన క్షణముననే కాళ్లతో తన్ని, కాళ్లు చాగిన పిదప నడుమును వెనుకకు వాల్చి, కట్టకడపట మాత్రమే చేతులను ప్రక్కటెముకల చెంతకు లాగవలెను. ఈ వరుస తప్పి చేతులు ముందుగా వంగెనా, కాళ్లబలమంతయు వ్యర్థము. పలక నీటిలో నొరగి చిక్కుకొనెనా, పడవ వేగమే తెడ్డుపిడిని ఛాతీకి మోదును.

లాగుటకంటె కష్టమైనది తిరిగివచ్చుట. పిడిని క్రిందికి నొక్కి పలకను నీటినుండి తీసి, మణికట్టు త్రిప్పి దానిని బల్లపరుపుగా జేసి, పీటపై మెల్లగా జరుగుచు రావలెను. అప్పుడు పడవ యొకవైపునకు సాగుచుండ నెనమండుగురి శరీరభారము దానికి ఎదురుదిశకు జరుగుచుండును గనుక, ఎవతె తొందరపడినను సాగుచున్న పడవ యొక్కసారి తటపటాయించును. క్రొత్తజట్టు తెడ్లు వేయునప్పుడు నీటిపై ఎనిమిది చప్పుళ్లు విడివిడిగ వినవచ్చును. నెలల సాధన పిమ్మట అవి యొక్క చప్పుడగును. గమ్యమునకు వీపు త్రిప్పి కూర్చున్న వీరందఱికిని కన్నులైనది, చుక్కాని పట్టి ఎదురుగా కూర్చున్న కాక్స్ యొక్కతెయే. ఇందు ఒక్కరు మెఱయుటకు తావు లేదు. ఈ విద్యపై నాకు గల గౌరవమునకు మూలమిదియే.

ఈ విద్య స్త్రీలకు సులభముగ దక్కలేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పురుషుల పందెము 1829లో మొదలుకాగా, స్త్రీల పందెము 1927లో గాని జరుగలేదు. అప్పుడును పడవలను ప్రక్కప్రక్కల నుంచి పరుగెత్తింపక, కాలముతోపాటు సొగసునకును మార్కులు వేసిరి. పురుషులు పోటీపడు థేమ్స్ మార్గముననే స్త్రీలను పోటీకి దింపుటకు 2015 రావలసి వచ్చెను. అమెరికాలో 1972 నాటి చట్టము విద్యాలయములలో లింగవివక్షను నిషేధించినను, యేల్ విశ్వవిద్యాలయపు విద్యార్థినులకు పడవశాలలో స్నానపుగదు లుండెడివి కావు; పురుషులు స్నానముచేసి వచ్చుదాక వారు తడిబట్టలతో బస్సులో చలికి వణకుచు వేచియుండిరి. 1976 మార్చి 3న క్రిస్ ఎర్న్‌స్ట్ నాయకత్వమున వారిలో పందొమ్మిదిమంది తమ దేహములపై ఆ చట్టము పేరు వ్రాసికొని క్రీడాధికారిణి గదిలో నిలిచి తమ విన్నపము చదివిరి. ఆ వేసవిలోనే మాంట్రియల్ ఒలింపిక్సులో స్త్రీల రోయింగ్ ప్రవేశించెను. అయినను అప్పటి వారి పందెము వేయి మీటర్లే. రెండువేల మీటర్లు వారికి 1985లో దక్కెను.

తరువాత అమెరికా విశ్వవిద్యాలయములలో స్త్రీల జట్లు పెరుగుటకు ముఖ్యకారణ మొకటి మనవారు గుర్తింపదగినది: కళాశాలలో చేరువఱకు తెడ్డు ముట్టని పిల్లలను, ఎత్తును పట్టుదలను చూచి, ఆవరణములోనే పిలిచి చేర్చుకొనిరి. మన దేశపు స్త్రీలలోను, 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల రోయింగులో ఒడిశాకు చెందిన ప్రతిమా పుహానా, ప్రమీలా ప్రభా మింజ్ జంటగా కాంస్యము గెలిచిరి. అంతర విశ్వవిద్యాలయ పోటీలలోను స్త్రీల విభాగ మున్నది.

కావున దిల్‌సుఖ్‌నగర్ పిల్లకు నీరు దూరమని చింతింప బనిలేదు. గొలుసు లాగినకొలది చక్రము తిరిగి, లాగుబలమును అంకెలలో చూపు ఎర్గోమీటరును సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియమువంటి ఏ హాలులో నుంచినను వరుసయు దమ్మును అక్కడనే అలవడును. ఈత నేర్చిన పిమ్మట, 2018 నుండి ఎల్.బి.నగర్ దాక నడచుచున్న మెట్రోలో బండి మాఱకయే లక్డీకాపూల్ చేరి సాగరతీరమునకు పోవచ్చును. కూకట్‌పల్లి నాలా తెచ్చు మురుగును నిలుపుట ప్రభుత్వము పని. అది మాని ఆడపిల్లలను నీటికి దింపుట న్యాయము కాదు. ఈ క్రీడను చేపట్టు విశ్వవిద్యాలయము పని వేఱు: పడవ కొనుటకు ముందే ఒడ్డున పిల్లలు బట్టలు మార్చుకొనుటకు తాళము గల గదిని, స్నానమునకు మంచినీటిని, వేకువజామున వారిని హాస్టలునుండి తీసికొనివచ్చి మరల దింపు బస్సును ఏర్పఱుపవలెను.