మధుపాన వర్ణనమునందలి లోపము

మన యాలంకారికులు మహాకావ్యమునకు విధించిన పదునెనిమిది వర్ణనములలో మధుపాన మొకటి. నగరము, సముద్రము, చంద్రోదయము, వివాహము మున్నగువాని సరసనే దండి దానిని తన కావ్యాదర్శమున నిలిపెను. అందుచేత ప్రబంధకవులు, తాము త్రాగువారైనను కాకున్నను, త్రాగువారి కన్నుల యెఱుపును మాటల తడబాటును వర్ణించుచు వచ్చిరి. ఆస్థానములు పోయినవి, ప్రబంధములు వెనుకబడినవి, ఆ వర్ణనము మాత్రము పోలేదు. సీసాను గూర్చియు చుట్టను గూర్చియు వ్రాయబడు రుచివివరణముల రూపమున నది నేడును బ్రతికియున్నది. అమెరికాదేశపు బూర్బను విస్కీని, క్యూబాదేశపు సిగారును మెచ్చుకొను వ్రాతలను మన విద్యావంతులైన యువకులు చదువుచున్నారు. ఆ భాషను నేర్చి యిండ్లకు దెచ్చుచున్నారు. ఇట్టి వ్రాతల గుణదోషములను విచారించుటయే మా యుద్దేశము.

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరులో నొక యింట నీ భాషను మేము చెవులార వింటిమి. అమెరికాలో నుద్యోగము చేయుచు సెలవులకు వచ్చిన యువకు డొకడు స్నేహితులను గూర్చుండబెట్టి సీసా విప్పెను. గాజుపాత్రను వెలుతురున కెత్తి రంగు చూపెను. మొదట తోచునది వెనిల్లా వాసన యనియు, పిమ్మట మాడిన చక్కెర, తుదను తడి కఱ్ఱ యనియు వివరించెను. సిగారు పొగను మ్రింగరాదనియు, నోట నిలిపి మెల్లగా విడువవలెననియు బోధించెను. బాగుగనే చెప్పెను. వాకిటి యరుగుమీద నాతని నాయనమ్మ యొడిలో చాట పెట్టుకొని బీడీలు చేయుచుండెను. ఆ సార దేనితో చేయుదురని యామె యడుగగా, మక్కలతో నని మనుమడు చెప్పెను.

“గింత దూరం పోయి మక్కల సారనే తెచ్చినవా బిడ్డా?” అని యామె నవ్వెను.

“గది సార కాదవ్వా. దాని వాసన చూడు, ఎన్ని తీర్లుగ ఉంటదో!”

“మీ తాత తాగినప్పుడు గిన్ని వాసనలు ఎవ్వరు చెప్పలే బిడ్డా. ఇంట్ల బియ్యం లేవని నేనొక్కదాన్నే చెప్పిన.”

ఆ మాటకు గదిలో నెవరును బదులు చెప్పలేదు. మేము నింటికి వచ్చిన పిదపనే దానిని గూర్చి యాలోచించితిమి.

మొదట యువకుని పక్షమున న్యాయము చెప్పుదము. అతడు పొగడిన వస్తువు కల్పితము కాదు. బూర్బను చేయు ధాన్యములో నూటికి 51 పాళ్ళకు తక్కువ గాకుండ మక్కజొన్న యుండవలెను. లోపల కాల్చిన క్రొత్త ఓకు కఱ్ఱ పీపాలలో దానిని నిలువ చేయవలెను. నీరు దప్ప రంగుగాని రుచిగాని వేఱుగా గలుపరాదు. పీపాలో పోయునప్పు డది నీటివలె తెల్లగా నుండును. పిదప వచ్చు రంగును వెనిల్లా వాసనయు నా కాలిన కఱ్ఱ యిచ్చినవే. 1964లో అమెరికా శాసనసభ దీనిని తమ దేశపు విశిష్టవస్తువుగా బ్రకటించెను. ఇందు నేర్పు కలదు, ఓర్పు కలదు. రుచియే లేదని బుకాయించు సంస్కర్త యబద్ధమాడుచున్నాడు. ఒక్కమాఱు రుచి చూచిన కుఱ్ఱవా డాతని తక్కిన మాటలను గూడ నమ్మడు. అవ్వ చెప్పినదియు నిజమే. ఏ గింజకొఱకు సముద్రములు దాటవలసివచ్చెనో యా గింజ చిన్నకోడూరి చేలలోనే పండుచున్నది.

ఇక లోపమేది? పీపాలోని మద్యములో కొంత యేటేట కఱ్ఱగుండ నావిరియై పోవును. ఆ వర్తకమువారు దానిని దేవదూతల పాలని ముద్దుగా బిలుచుకొందురు. గాలిలో గలసిన బొట్టునకు సయితము పేరు పెట్టిన యీ భాష, జీతములోనుండి సీసాకు బోయిన యింటిపాలునకు పేరు పెట్టలేదు. నాలుకమీద నది యెంతసేపు నిలుచునో చెప్పిన వ్రాత, యింటిలో నెన్నాళ్ళు నిలుచునో చెప్పదు. వర్ణనము పెదవియొద్ద మొదలై కంఠముతో ముగియుచున్నది. దీనిని మేము నీతిదోషము కంటె ముందు సాహిత్యదోషముగానే యెన్నుచున్నాము. ఏలయన, వస్తువులో సగము విడిచిన వర్ణన మెంత సొంపైనను సమగ్రము కాదు.

సిగారు విషయమున నీ లోపము మఱింత స్పష్టము. ఇంగ్లీషువారి చెరూటు అను మాట మన దక్షిణదేశపుదే. తమిళుల ‘చురుట్టు’నుండి వారు దానిని దీసికొనిరి. మన చుట్టయు దానికి జుట్టమే. క్యూబాలో 1865 మొదలుకొని చుట్టలు చుట్టువారు తమ కూలిలోనుండి తలా కొంత వేసికొని, పనివేళ పత్రికలును నవలలును చదివి వినిపించుటకు చదువరిని నియమించుకొనిరి. డ్యూమా నవలపై వారికి గల ప్రీతివలననే మాంటిక్రిస్టో యను పేరొక సిగారునకు గలిగినది. ఆ పెట్టెను మురిసి వర్ణించువారిలో నా చేతులను, ఆ చెవులను తలచువా రెందఱు? సిద్దిపేట ప్రాంతమున తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి, వేయింటికింత యని కూలి పుచ్చుకొను స్త్రీలను గూర్చి రుచివివరణము లేల లేవు? తంబాకు దుమ్ము వారి యూపిరిలోనికి బోవుచున్నది. దానికి వాసనల పట్టిక యెవరును వ్రాయలేదు.

పొగ మ్రింగకున్న హాని లేదనుటయు నీ సాహిత్యము పెంచిన భ్రమయే. సిగారు పొగలోని విషము నోటి పొరలగుండనే రక్తమున జేరును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల స్త్రీలు పలువురు చుట్ట నిప్పుకొనను నోటిలోనే యుంచి అడ్డపొగ త్రాగుదురు. వారి యంగిటి పుండ్లను, క్యాన్సరును వైద్యులు చిరకాలముగా పరిశీలించుచున్నారు. మద్యమును ప్రపంచ ఆరోగ్యసంస్థవారి క్యాన్సరు పరిశోధనశాఖ 1988లోనే నిశ్చితమైన క్యాన్సరు కారకముగా నెన్నినది. నిరపాయమైన మోతాదు లేదని 2023లో నా సంస్థవారు స్పష్టపఱచిరి. వెల హెచ్చిన కొలది విషము తగ్గదు.

ఇంతమాత్రమున మా సంస్కరణ వాఙ్మయము నిర్దోషమని చెప్పజాలము. మనలో బలువురము కల్లుముంతను తిట్టినంత గట్టిగా గాజుపాత్రను తిట్టలేదు. మోకు, ముస్తాదు కట్టుకొని ప్రాణము లరచేత బెట్టుకొని తాడెక్కు గౌడును అపరాధినిగా జూచి, క్లబ్బులో గూర్చుండిన ప్లీడరును చూచి చిఱునవ్వు నవ్వితిమి. కూలివాడు త్రాగిన వ్యసనము, దొర త్రాగిన నభిరుచి! కల్లు తెలంగాణపు పల్లెలలో దేవతకు బోయు సాక. చావునను పండుగనను పదిమంది కూడుచోట నుండునది. దానివలన గలుగు కీడు చెప్పవలసినదే. కాని యదే తూకమున దొరగారి సీసాను దూచనివాని మాట పల్లె యేల వినును?

ఈ తూకము తప్పని రచయిత గురజాడ అప్పారావుగారు. 1897లో అచ్చుపడి 1909లో తిరుగ వ్రాయబడిన కన్యాశుల్కమున గిరీశము చుట్టను పొగడుచు పద్యము చదువును. ఆతని వాక్చాతుర్యమునకు మనమును నవ్వుదుము. అంతలోనే శిష్యుడైన వెంకటేశము, తనకీ గురువువలన నబ్బిన విద్య చుట్ట కాల్చుట యొక్కటే యని యొప్పుకొనును. పొగడ్తయు, దాని ఫలమును నొక్కచోటనే యున్నవి. కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) ‘మధుసేవ’ యను నాటకమున త్రాగుడునే వస్తువుగా గైకొని మఱియొక మార్గమున గృషిచేసిరి.

కాని ఫలము విషయమున వీరిద్దఱికంటె బలమైన రచన యొకటి కలదు. అది నెల్లూరు జిల్లా సాక్షరతా వాచకములోని సీతమ్మ కథ. త్రాగుబోతు భర్తవలన జెడిన యొక కాపురపు కథ, అప్పుడప్పుడే యక్షరములు నేర్చుచున్న స్త్రీలకొఱకు చిన్న చిన్న మాటలలో వ్రాయబడినది. అందలంకారము లేదు. దానిని గూడబలుక్కొని చదివిన స్త్రీలు తమ కథయే యని గుర్తించిరి. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఉద్యమము జిల్లా దాటెను. 1993 అక్టోబరు 1 నుండి నాటి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినది నిజమే. శాసనము సడలినను, పెదవిని దాటి యింటిలోనికి బోయిన వర్ణన మెంత పని చేయగలదో లోక మొకమాఱు చూచినది.

కావున మధుపానమును వర్ణింపవలదని మేము చెప్పము. వర్ణించువారు పూర్తిగా వర్ణింపుడని మాత్రము కోరుచున్నాము. వెనిల్లా వాసన చెప్పుడు. సీసా వెల యెన్ని దినముల కూలియో యదియు చెప్పుడు. సిగారు బూడిద యెంత తెల్లగా నున్నదో చెప్పుడు. దానిని చుట్టిన చేతులెవరివో యదియు చెప్పుడు. చదువరులైన గృహిణులును, యిట్టి వ్రాత యింటికి వచ్చినప్పుడు, ఇందు లేనివా రెవరని యొక్క ప్రశ్న వేసికొందురు గాక.

చిన్నకోడూరి యవ్వ దండిని చదువలేదు. పదునెనిమిది వర్ణనములును విన్నపిదప, బియ్యము లేని యిల్లను పందొమ్మిదవదాని నామె యొక్క వాక్యమున జేర్చినది. దానిని విడిచిన మధుపాన వర్ణనము నిక పూర్ణమని మే మొప్పుకొనజాలము.